ముప్పయ్యో నంబరు రేకుల గది

మా ప్లాస్టిక్ బకెట్ల ఫ్యాక్టరీ నాచారం నుంచి నారపల్లి అవతలికి తరలిపోయిన ఏడాదే నేను సైంటిస్టునయ్యాను. అప్పటికి నాకు యాభై మూడేళ్లు. చదివింది పదో తరగతి, అదీ రెండో దఫాలో గట్టెక్కాను. మెడలో కార్డు పడ్డాక ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

హబ్సిగూడలో ఒక పరిశోధన సంస్థ ఉంది. వాళ్లూ, బెంగళూరులో ఒక యూనివర్సిటీ వాళ్లూ, ఇక్కడి మున్సిపాలిటీ వాళ్లూ కలిసి ఒక పని మొదలుపెట్టారు. ఏటేటా ఎండలు ముదురుతున్నాయి కదా, నగరం ఏం చేస్తే మనుషులు తట్టుకుంటారో తేల్చాలి. టీవీలో చెప్పేది బయటి వేడి. మనుషులు ఉండేది ఇంటి లోపల. ఆ లోపలి వేడి ఎంతో ఎవరి దగ్గరా లెక్క లేదు. అందుకని ఉప్పల్, నాచారం బస్తీల్లో ముప్పై ఇళ్లు ఎంచుకుని, వేసవి అంతా పావుగంటకోసారి వేడిని కొలిచే చిన్న డబ్బాలు పెడతారట. ఇంటింటికీ తిరగడానికి గల్లీలు తెలిసిన మనిషి కావాలి. మాది నాచారం పాత ఊరు. మా నాయిన గండయ్య వంకాయలు పండించిన మడిలో ఇప్పుడు టైర్ల షాపుంది. నాకు తెలియని గల్లీ లేదు, ఫ్యాక్టరీ పోయాక చేతిలో పనీ లేదు. వార్డు ఆఫీసులో ఎవరో నా పేరు చెప్పారు.

కార్డు మీద ‘కమ్యూనిటీ రిసెర్చర్’ అని ఉంది. దాన్ని పాలప్యాకెట్‌కు పోయినా వేసుకునేవాణ్ణి.

‘‘పాలోడు అడిగిండా నీ కార్డు?’’ అంది నా భార్య దుర్గాభవాని.

‘‘నీకు తెల్వదు. ఎప్పుడు ఎవరు డౌట్లడుగుతరో!’’ అన్నాను.

ఎవరూ అడగలేదు. నేనే ఆపి చెప్పేవాణ్ణి.

మాకు శిక్షణ ఇచ్చింది ధనశ్రీ. హన్మకొండ అమ్మాయి, ముప్పై ఏళ్లుంటాయి, పరిశోధనలో డాక్టరు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బాను చేతిలో పెట్టి, ‘‘అన్నా, మనిషి తలెత్తున గోడకు తగిలియ్యాలె. ఎండ తగలొద్దు, పొయ్యి పక్కన వద్దు, నీళ్ల పక్కన వద్దు. పెట్టినంక దాన్ని ఎవ్వరు ముట్టొద్దు. మీరు గూడ’’ అంది. ఆ చివరి మాట నా వైపు చూసే అంది. మనిషిని చూడగానే తెలిసిపోతుందేమో.

ఆ రోజే మా ప్రాంతం మ్యాపు పరిచి, ఎక్కడ వేడి ఎక్కువో రంగులు వేయమన్నారు. ఇండస్ట్రియల్ ఏరియాకు ఎరుపు వేశాను. ఉప్పల్ రింగురోడ్డు చౌరస్తాకు ఎరుపు మీద ఎరుపు వేశాను. మా గల్లీ దగ్గరికి వచ్చేసరికి ఆకుపచ్చ పెన్సిల్ అడిగి తీసుకున్నాను.

‘‘మా దిక్కు మస్తు చల్లగుంటది మేడం. మేడ మీద రేకుల గది ఏసిన. అందుల గాలి ఒచ్చుడు సూడాలె!’’

ఆ గది నేనే దగ్గరుండి కట్టించాను. ఆరేళ్లయింది. పైన రేకులు, చుట్టూ సన్నటి ఇటుక గోడలు. కిరాయికి ఇస్తున్నాను. ఏమిటో గానీ ఆ గదిలో ఎవరూ నిలిచేవారు కాదు. చలికాలంలో సంతోషంగా దిగేవారు, ఏప్రిల్ వచ్చేసరికి ఏదో ఒక సాకు చెప్పి ఖాళీ చేసేవారు. నలుగురు మారాక వాస్తు చూసే ఆయన్ని పిలిపించాను. నైరుతిలో కిటికీ ఉంటే మనుషులు నిలవరన్నాడు. మర్నాడే మేస్త్రీని పిలిచి ఆ కిటికీ మూయించాను. ఆ గదికి ఉన్న రెండు కిటికీల్లో గాలి వచ్చేది అదొక్కటే. ఇదంతా చేసినవాడూ, తర్వాత ఇంటింటికీ వెళ్లి ‘గాలి ఆడేటట్టు ఉంచుకోవాలమ్మా’ అని చెప్పినవాడూ ఒక్కడే.

డబ్బాలు పెట్టడానికి వారం పట్టింది. మల్లాపూర్ దారిలో ఒక ముసలమ్మ కొత్త కరెంటు మీటరనుకుని తలుపు వేసేసుకుంది. ఉప్పల్‌లో ఒకరు దానికి కుంకుమ బొట్టు పెట్టారు. నేను ప్రతి ఇంట్లో క్లైమేట్ చేంజ్ గురించి పది నిమిషాలు మాట్లాడేవాణ్ణి. అందులో ధనశ్రీ చెప్పింది రెండు నిమిషాలుంటుంది. మిగతాది నా సొంతం. ఇరవై తొమ్మిది ఇళ్లు అయ్యాయి. ముప్పయ్యోది రేకుల ఇల్లే కావాలన్నారు. మా మేడ మీది గది రాయించాను. నిజానికి నా గది ఎంత చల్లగా ఉందో మూడు సంస్థల రికార్డుకూ ఎక్కించాలన్నదే నా ఆలోచన.

ఆ గదిలో అప్పుడు జనగామ నుంచి వచ్చిన హన్మయ్య, వెంకటనర్సమ్మ ఉన్నారు. దసరా తర్వాత దిగారు. హన్మయ్య మందుల గోదాములో రాత్రి డ్యూటీ. వెంకటనర్సమ్మ ఇంట్లోనే జాకెట్లకు హుక్సులు, చీరలకు ఫాల్స్ కుట్టేది. నేను గోడకు మేకు కొడుతుంటే సూది పట్టుకుని నిలబడి చూసింది.

‘‘ఇదేం జేస్తదన్నా?’’

‘‘గదిల ఎంత వేడున్నదో చెప్తది.’’

‘‘అది నేను జెప్తలేనా? పోయిన నెల కాడ్నించి జెప్తనే ఉంటి, ఉడికి సస్తున్నమని.’’

నేను చాలా ఓపికగా చెప్పాను. ‘‘సూడు నర్సమ్మా, నువ్వు చెప్పేది అభిప్రాయం. ఇది చెప్పేది డేటా.’’

ఆమె దారం కొరికి లోపలికి వెళ్లింది.

ప్రతి ఇంటికీ ఒక ఫారం నింపాలి. ఇంటి పెద్దను అడిగి రాయాలి. ‘ఈ ఇల్లు వేసవిలో ఎలా ఉంటుంది?’ అని ఒక ప్రశ్న. ముప్పయ్యో నంబరుకు ఇంటి పెద్దను నేనే కాబట్టి నన్ను నేను అడిగి, ‘చల్లగా ఉంటుంది’ దగ్గర టిక్కు పెట్టుకున్నాను.

ఏప్రిల్ పన్నెండులోగా మొదటిసారి ఫోన్లోకి లెక్కలు దింపుకోవాలి. ఒక్కో ఇంటికి వెళ్లడం, డబ్బా దగ్గర ఫోన్ పెట్టడం, అంకెలు రావడం. ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, ఒకటి రెండు ఇళ్లలో నలభై. మా మేడ మీదికి చివరి రోజు, పన్నెండున వెళ్లాను. నలభై మూడు పాయింట్ ఆరు. రోజూ మధ్యాహ్నం మూడింటికి అంతే, కాస్త అటూ ఇటూ. బయట నలభై ఉన్న రోజున కూడా లోపల అంతకంటే ఎక్కువ. ముప్పై ఇళ్లలో అన్నిటికంటే వేడి ఇల్లు నాది!

సైంటిస్టు అన్నవాడు ఏం చేయాలి? అంకె చూసి ఆలోచించాలి. నేనూ ఆలోచించాను. డబ్బా పాడైందని తేల్చాను.

సమయం పదకొండు ఇరవై. వెంకటనర్సమ్మ రేషను షాపుకు వెళ్లింది. గడప దగ్గర నేల మీద హన్మయ్య పడుకుని ఉన్నాడు. ఒంటి మీద తడి తువ్వాలు ఉంది. అతన్ని లేపకుండా, తొక్కకుండా, జాగ్రత్తగా దాటుకుని వెళ్లి మేకు నుంచి డబ్బా తీసుకున్నాను. మళ్లీ అంతే జాగ్రత్తగా దాటుకుని వచ్చాను. తడి తువ్వాలును చూశాను. నేల మీద చిలకరించిన నీళ్లూ చూశాను. కాలు జారుతుందేమోనని మాత్రమే చూశాను. కింద మెట్ల కింద నీలం నీళ్ల డ్రమ్ము ఉంటుంది. దాని పక్కన డబ్బా వేలాడదీశాను. దీన్ని ‘పోల్చి చూడటం’ అంటారని నాకు నేనే చెప్పుకున్నాను.

మూడో రోజు వెంకటనర్సమ్మ ఆపింది. ‘‘డబ్బ ఏడబాయెనన్నా?’’

‘‘సర్వీసింగుకు ఇచ్చిన.’’

‘‘సర్వీసింగు మన మెట్లకిందనే అయితదా?’’

ఆమె రోజూ నీళ్లు ముంచుకునేది ఆ డ్రమ్ములోనే. నాకు ఆ సంగతి గుర్తు రాలేదు. నేను ఫోన్ మోగినట్టు చెవికి పెట్టుకుని గేటు దాటాను.

రెండు వారాల తర్వాత ధనశ్రీ నన్ను హబ్సిగూడ ఆఫీసుకు రమ్మంది. వెళ్తూ వెళ్తూ చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాను. మెచ్చుకుంటారని నమ్మకం. కంప్యూటర్లో ఒక గీత చూపించింది. కొండలూ లోయలూ లాగా రోజుకోసారి ఎక్కి దిగుతున్న గీత, ఒకచోట నూతిలో పడ్డట్టు కిందికి పడిపోయింది.

‘‘నాగేందరన్నా, పన్నెండో తారీఖు పొద్దున పదకొండు ఇరవైకి మీ ఇంట్ల ఏమైంది?’’

‘‘ఆ రోజు... మబ్బు పట్టింది మేడం.’’

‘‘మీ ఒక్క ఇంటికే పట్టిందా అన్నా? మిగిలిన ఇరవై తొమ్మిదిల లేదు.’’

‘‘చినుకులు గూడ పడ్డట్టు యాదికున్నది.’’

‘‘తేమ గూడ పెరిగింది, నిజమే. కానీ చినుకులకు గింత పెరగదు. నీళ్ల డ్రమ్మో గోలెమో పక్కనుంటె పెరుగుతది.’’

ఏసీ గదిలో నాకు చెమటలు పట్టాయి. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన ఆ డబ్బా, నేను ఏ రోజు, ఏ నిమిషాన, ఎక్కడికి ఎత్తుకుపోయానో అంతా పూస గుచ్చినట్టు చెప్పేసింది. ఇక దాచడానికేముంది? చెప్పేశాను.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ‘‘ఈ పధ్నాలుగు దినాల డేటా తీసెయ్యాలె. మల్ల పాత జాగలనే పెట్టున్రి’’ అంది. తర్వాత గీతను వెనక్కి జరిపి ఆ నలభై మూడు దగ్గర ఆగింది. ‘‘ఆ గదిల పగటిపూట ఎవరన్న ఉంటరా అన్నా?’’

‘‘ఉంటరు. హన్మయ్యని, నైట్ డ్యూటీ. పగలు పంటడు.’’

‘‘దీంట్లనా?’’ అని తెర మీద వేలు పెట్టింది.

నేను ఆ వేలు వైపు చూశాను. పదకొండింటికి ముప్పై తొమ్మిది. మూడింటికి నలభై మూడు. ఈ అంకెలు నాకు తెలుసు. హన్మయ్య పగలు పడుకుంటాడనీ తెలుసు. రెండూ ఒకే గదిలో జరుగుతున్నాయని మాత్రం ఆ క్షణం దాకా తట్టలేదు. అతన్ని దాటుకుని వెళ్లి మరీ డబ్బా తెచ్చుకున్నవాణ్ణి.

ఇంటికి వచ్చేసరికి రెండున్నర. నేరుగా మేడెక్కాను. కట్టించిన ఆరేళ్లలో ఆ గదిలో ఆ వేళప్పుడు నేను ఒక్కసారీ కూర్చోలేదు. గుమ్మానికి తడి చీర కట్టి ఉంది. రేకుల నుంచి టక్ టక్ మని చప్పుడు. ఫ్యాను తిరుగుతోంది గానీ, దాని గాలి పొయ్యి మీది పెనం మీంచి వస్తున్నట్టుంది. హన్మయ్య లేచి కూర్చున్నాడు.

‘‘ట్యాంకు సూడొచ్చినవా అన్నా?’’

‘‘లేదు. ఊకనే. జరసేపు కూసుంట.’’

అతను ఏమనుకున్నాడో, చాప సగం నా వైపు జరిపాడు. వెంకటనర్సమ్మ చెంబుతో నీళ్లిచ్చి మళ్లీ సూది పట్టుకుంది. చొక్కా ఇస్త్రీ పోయింది. తల మీద ఎవరో చెయ్యి పెట్టి నొక్కుతున్నట్టుంది. ఏదో మాట్లాడాలని, గోదాములో ఏం పని అని అడిగాను.

‘‘కోల్డ్ రూముల. టీకాలు, ఇంజిక్షన్లు వెడతరు. ఆడ స్వెటరేసుకుంటం, మంకీ టోపీ గూడ. పొద్దుగాల ఈడికొస్తె బనీను గూడ ఉంచుకోలేం’’ అని నవ్వాడు. ‘‘నాలుగు దినాలాయె, డ్యూటీల ఒక్కసారి కళ్లు తిరిగినయ్. సూపర్‌వైజర్ తాగొచ్చినవా అన్నడు.’’

నేను గడియారం చూసుకున్నాను. పందొమ్మిది నిమిషాలైంది. ఇక నావల్ల కాలేదు. లేచి మెట్లు దిగి, ఆ నీలం డ్రమ్ములో తల పెట్టినంత పని చేశాను.

దుర్గాభవానితో అంతా చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ విని, ‘‘ఏటా ఎండకాలం రాంగనే ఖాళీ జేసి పోతున్నరంటె నీకు వాస్తు యాదికొచ్చింది. ఎండ యాదికి రాలె’’ అంది. ఆ సాయంత్రమే పైకి కబురు పంపింది. రేపటి నుంచి హన్మయ్య మధ్యాహ్నాలు మా కింది ముందుగదిలో పడుకుంటాడు. ఆ గదిలో దివాన్ ఉంది. ఆ దివాన్ మీద మధ్యాహ్నం నేను కునుకు తీస్తాను. ఆ విషయం నేను గుర్తు చేయబోతే, ఆమె చేట పక్కన పెట్టి నా మొహం చూసింది. నేను ఇక గుర్తు చేయలేదు.

మే మొదటివారంలో ఉప్పల్ వార్డు ఆఫీసులో మీటింగు. పరిశోధన వాళ్లు, మున్సిపాలిటీ ఇంజినీరు నరేన్, డబ్బాలు పెట్టిన ఇళ్లవాళ్లు, అందరం కలిపి అరవై మందిమి ఉంటాం. ధనశ్రీ గోడ మీద లెక్కలు వేసి చూపించింది. ఎవరి పేర్లూ లేవు, ఇళ్ల నంబర్లే. అన్నిటికంటే పైన ఒక ఎర్ర గీత, ముప్పయ్యో నంబరు.

నరేన్ కుర్చీలో ముందుకు వంగాడు. ‘‘ఇదెవలదో గాని, ఇల్లు గట్టిండా, ఇటుకల బట్టీ వెట్టిండా?’’

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. నవ్వుతూ చూస్తే, ఆడవాళ్ల వరుసలో వెంకటనర్సమ్మ నవ్వకుండా నా వైపే చూస్తోంది. చెప్పేస్తుందేమో అనుకున్నాను. చెప్పలేదు. ధనశ్రీ తల దించుకుని కంప్యూటర్లో ఏదో వెతుకుతోంది. ఆమె కూడా చెప్పదు. నేను ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. కానీ నవ్వు మధ్యలో ఆగిపోయింది, తిరిగి మొదలు కాలేదు.

లేచి నిలబడ్డాను. ‘‘సార్, ఆ బట్టీ నాదే.’’

నరేన్ కంగారుపడ్డాడు. ‘‘అయ్యో అన్నా, నేను ఊకనే అన్న.’’

‘‘కరెక్టే అన్నరు సార్. డబ్బాను గూడ నేనే ఎత్తుకపోయి డ్రమ్ము పక్కన పెట్టిన.’’

 మైకు నా చేతికి వచ్చింది. మైకు వస్తే నాకు ఒళ్లు తెలియదు. గొంతు సవరించుకుని, ‘‘క్లైమేట్ చేంజ్ అనేది...’’ అని మొదలుపెట్టాను.

‘‘అన్నా, జర నన్ను జెప్పనియ్యి’’ అంది వెంకటనర్సమ్మ.

ఆమె మైకు తీసుకోలేదు. ఉన్నచోటే నిలబడి చెప్పింది. ‘‘తొమ్మిదికి రేకులు కాలుడు మొదలువెడతయి. పదకొండుకు తలకాయ నొప్పి లేస్తది. రెండు గొట్టంగ సూది జారుతది, చెమటకు. మూడింటికి ఇగ ఏం జెయ్యలేం, మెట్ల మీద కూసుంట. ఆరు గొట్టంగ రేకులు సల్లారుతయి గాని, అప్పుడు గోడలు సెగ గక్కుతయి. ఆయినె ఎనిమిదికి డ్యూటీకి వోతడు. పండిందెప్పుడు?’’

ధనశ్రీ గోడ మీది ఎర్ర గీతను చూస్తోంది. గీత ఎక్కిన చోటా, తిరిగిన చోటా, దిగిన చోటా ఆమె చెప్పిన గంటలే. మూడు సంస్థలు కలిసి తెచ్చిన డేటా, నేను అభిప్రాయమన్న ఆమె మాటా ఒకటే.

‘‘మా ఫారంల తప్పున్నది’’ అంది ధనశ్రీ. ‘‘ఇంటి పెద్దను అడగమన్నం. పగలు ఇంట్ల ఎవరుంటరో వాళ్లను అడగాల్సింది. పగలు పండుకునేటోళ్లున్నరా అని అసలు అడగనే లేదు. మీ ఇండ్లల్ల నైట్ డ్యూటీ చేసేటోళ్లు ఎందరున్నరు? జర చేతులెత్తున్రి.’’

ముప్పై ఇళ్లలో పదకొండు ఇళ్ల చేతులు లేచాయి. నాచారంలో రాత్రి షిఫ్టులు నడిచే ఫ్యాక్టరీల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి, స్వయంగా పాతికేళ్లు షిఫ్టులు చేసినవాణ్ణి. ఆ ప్రశ్న నాకూ తట్టలేదు. మేముండే కింది ఇంటికి స్లాబుంది మరి.

ఆ రోజు గంటసేపు కొట్లాడుకున్నారు. కూలర్లివ్వాలని కొందరు, చెట్లని కొందరు, కరెంటు పోకుండా చూడమని అందరూ. చెట్లు పెరిగే దాకా మనుషులు ఆగరు కదా అని బెంగళూరు యూనివర్సిటీ ఆయన అన్నాడు. చివరికి రెండు పనులు తేలాయి. రేకుల ఇళ్ల పైన ఎండను వెనక్కి కొట్టే తెల్ల పెయింటు వేయడం ఒకటి. రెండోది నరేన్ ఒప్పుకున్నది. కమ్యూనిటీ హాలు పెళ్లిళ్లు లేని రోజుల్లో ఖాళీగానే ఉంటుంది. స్లాబు, పెద్ద కిటికీలు, ఎనిమిది ఫ్యాన్లు. ఉదయం పది నుంచి సాయంత్రం అయిదు దాకా రాత్రి డ్యూటీల వాళ్లు పడుకోవడానికి తెరవాలి.

మా రేకులకు పెయింటు నేనే వేస్తానన్నాను. కూలీని పిలుద్దామంటే వినలేదు. నా పాపం నేనే కడుక్కోవాలని ఒక గొప్ప ఊహ. ఏడు గంటలకు మొదలుపెట్టాను. ట్యాంకు దిమ్మె మీంచి రేకులెక్కి, అక్కడి నుంచి వెనక్కి వేసుకుంటూ వేసుకుంటూ అటు చివరికి చేరాక చూస్తే, నాకూ ఆ దిమ్మెకూ మధ్య అంతా తడి పెయింటు. తొక్కితే పని పాడవుతుంది. రేకుల అంచున పైకి లేచిన గోడ మీద ఎక్కి కూర్చున్నాను. తొమ్మిదింటికి ఆ గోడ కాలడం మొదలైంది. పక్కింటి వాళ్ల నిచ్చెన వచ్చేసరికి పది దాటింది. కింద గల్లీలో జనం మూగారు. కార్డు మెడలోనే ఉంది.

ఆ వారమే కిటికీ మళ్లీ తెరిపించాను. రేకుల కింద చాపల సీలింగు కొట్టించాను. బయట నలభై ఉన్న రోజులనే పోల్చి చూసింది ధనశ్రీ. ఆ రోజుల సగటు నలభై మూడు కాస్తా ముప్పై తొమ్మిదిన్నరకు దిగింది. నేను గల్లీ అంతా తిరిగి, నాలుగు డిగ్రీలని చెప్పుకున్నాను. అర డిగ్రీ నా తరఫున కలిపాను.

‘‘ముప్పై తొమ్మిదంటె గూడ ఎండనే గదన్నా’’ అంది వెంకటనర్సమ్మ. కుడుతూనే అంది. నిజమే. కానీ ఆ ఏడు ఏప్రిల్ పోయింది, మే పోయింది, వాళ్లు ఖాళీ చేయలేదు.

సంక్షేపంగా రాసిన రిపోర్టు జనవరిలో వచ్చింది, ఇంగ్లీషులో. నా పేరుందని ధనశ్రీ ఫోన్ చేస్తే పరుగెత్తాను. చివరి పేజీలో కృతజ్ఞతల కింద ఉంది. ఇంకోచోట కూడా ఉన్నాను, పేరు లేకుండా. పదిహేడో పేజీ అడుగున చీమలంత అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. సర్వే చేసిన వ్యక్తి పరికరాన్ని కదిలించినందువల్ల ముప్పయ్యో ఇంటి పధ్నాలుగు రోజుల లెక్కలు తీసుకోలేదని దాని అర్థం. దుర్గాభవాని ఆ పేజీని ఫోన్లో ఫొటో తీసుకుంది. చుట్టాలొస్తే ముందు అదే చూపిస్తుంది.

వెంకటనర్సమ్మకు కూడా ఇప్పుడు నాలాంటి కార్డే ఉంది. దమ్మాయిగూడలో కొత్తగా నలభై ఇళ్లు తీసుకున్నారు. పగలు ఇంట్లో ఉండే ఆడవాళ్లను అడిగే పని ఆమెది. ఆమె కార్డు సంచిలో వేసుకుని పోతుంది, ఎవరైనా అడిగితే తీస్తుంది.

హాలు తాళంచెవి నా దగ్గరుంటుంది. మొదటి వారం ముగ్గురే వచ్చారు. హాల్లో పడుకోవడం నామోషీ అనుకున్నారు. ఈ ఏప్రిల్‌కి రోజూ ఇరవై మంది దాకా వస్తున్నారు. చాపలు, నీళ్లు చూడటం, పిల్లలు లోపల క్రికెట్ ఆడకుండా చూడటం నా పని. మొన్న మధ్యాహ్నం దమ్మాయిగూడ నుంచి కొత్త సర్వేయర్ ఒకాయన ఫోన్ చేసి, డబ్బా ఎక్కడ పెట్టాలని అడిగాడు. నన్ను అడిగితే ఇక ఆగుతానా? తలెత్తున అన్నాను, నీళ్ల పక్కన వద్దన్నాను, అసలు భూమి ఎందుకు వేడెక్కుతోందో మొదటి నుంచి అందుకున్నాను. మూడో చాప మీద హన్మయ్య తల ఎత్తాడు.

‘‘అన్నా, జర బయటికి వోయి జెప్పరాదు! ఇప్పుడే కన్ను వడ్డది.’’

నేను బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాను. ఫోన్లో ఆయన ఇంకా ‘‘చెప్పున్రి సార్’’ అంటున్నాడు.